సింక్లెయిర్ క్యూఎల్: ఈ రోజుల్లో కొనాలనుకునేవాళ్ల కోసం ఒక నిశిత పరిశీలన

సింక్లెయిర్ క్యూఎల్ అనే 1984 నాటి బ్రిటిష్ కంప్యూటర్ కొందామనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ నల్ల పెట్టెలో కాలానికి పాడయ్యే భాగాలన్నీ కంపెనీ ఖర్చు తగ్గించుకున్న చోట్లే ఉన్నాయి: కీబోర్డు కింద పొర, టేపు డ్రైవులు, కాలిపోయే రెగ్యులేటర్, రక్షణ లేకుండా బయటి సాకెట్లకు నేరుగా కలిపిన చిప్పులు. వీటన్నిటికీ ఇవాళ మరమ్మతు ఉంది. మరమ్మతే అక్కర్లేనిది లోపలి సాఫ్ట్‌వేర్. క్యూడాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, సూపర్‌బేసిక్ అనే భాష, ఈ రెండింటి కోసమే ఈ యంత్రాన్ని కొనాలి. ఆటల కోసమైతే అదే కంపెనీ ఇంకో కంప్యూటర్ స్పెక్ట్రమ్ తీసుకోండి, క్యూఎల్ జోలికి రావద్దు.

ముందు కాస్త చరిత్ర. 1984 జనవరి 12న లండన్‌లో క్లైవ్ సింక్లెయిర్ దీన్ని విడుదల చేశారు, యాపిల్ మెకింతోష్ కంటే 12 రోజులు ముందు. ధర 399 పౌండ్లు. ఆ ధరకు మోటరోలా 68008 ప్రాసెసర్, 128 కిలోబైట్ల ర్యామ్, రెండు మైక్రోడ్రైవులు (చిన్న టేపు డ్రైవులు), పైగా సయాన్ కంపెనీ రాసిన నాలుగు ఆఫీసు ప్రోగ్రాములు. అప్పట్లో బీబీసీ మైక్రో మోడల్ బి ధర కూడా 399 పౌండ్లే, దానిలో ఉన్నది 8 బిట్ల ప్రాసెసర్, 32 కిలోబైట్ల ర్యామ్. కాగితం మీద చూస్తే పోటీయే లేదు.

కానీ విడుదల నాటికి యంత్రం పూర్తి కాలేదు. 28 రోజుల్లో పంపుతామని డబ్బు కట్టించుకున్నారు, మొదటి యంత్రాలు జనం చేతికి అందేసరికి ఏప్రిల్ చివరికొచ్చింది. అప్పటికీ ఆపరేటింగ్ సిస్టమ్ అనుకున్న 32 కిలోబైట్లలో ఇమడలేదు. మిగిలిన 16 కిలోబైట్లను వేరే చిన్న బోర్డు మీద పెట్టి, వెనక రోమ్ సాకెట్‌లోకి గుచ్చి పంపారు. పెట్టె వెనక తోకలా వేలాడే ఆ ముక్కే పత్రికల్లో ఫొటోలకెక్కింది. కొన్నాళ్లకు అంతా లోపలికి సర్దారు గానీ, పేరు పోయాక ఏం సర్దితే ఏం లాభం.

1985 సెప్టెంబరులో ధర 199 పౌండ్లకు దించారు. సరిగ్గా అదే సమయానికి పోటీ కంపెనీ ఆమ్‌స్ట్రాడ్ తన పీసీడబ్ల్యూ 8256 కంప్యూటర్ దింపింది: మానిటర్, ప్రింటర్, డిస్క్ డ్రైవ్, అన్నీ కలిపి పన్ను కాక 399 పౌండ్లు. ఆఫీసు పనికి కొనేవాడికి అంతకంటే ఏం కావాలి? 1986 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్నే ఆమ్‌స్ట్రాడ్ 50 లక్షల పౌండ్లకు కొనేసింది, స్పెక్ట్రమ్‌ను ఉంచి క్యూఎల్‌ను ఆపేసింది. మొత్తం అమ్ముడైనవి సుమారు లక్షన్నర అని అంచనా.

లోపల ఏముంది

68008 అంటే మెకింతోష్‌లోని 68000కు తమ్ముడు. లోపలి రిజిస్టర్లు 32 బిట్లవే, రాసే ప్రోగ్రామూ అదే, కానీ బయటి డేటా దారి 8 బిట్లే. 7.5 మెగాహెర్ట్జ్ వేగం. ఒక 32 బిట్ల సంఖ్యను మెమరీ నుంచి తేవాలంటే నాలుగుసార్లు వెళ్లి రావాలి. దీనికి తోడు తెర చూపించే జెడ్‌ఎక్స్8301 చిప్పు కూడా అదే ర్యామ్‌ను చదువుతుంటుంది కాబట్టి ప్రాసెసర్ తన వంతు కోసం ఆగాలి. అందుకే అదే ప్రోగ్రాం రోమ్‌లోనో, విస్తరణ కార్డులోని ర్యామ్‌లోనో నడిస్తే స్పష్టంగా వేగం పెరుగుతుంది. ‘అదనపు మెమరీ వేస్తే క్యూఎల్ వేగం పెరిగింది’ అని పాత వాడకందారులు చెప్పేది భ్రమ కాదు, కారణం ఇదే.

128 కిలోబైట్లలో 32 కిలోబైట్లు తెరకే పోతాయి. తెర రెండు రకాలు. 512×256 చుక్కలు, నాలుగు రంగులు (నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు) ఒకటి. 256×256 చుక్కలు, ఎనిమిది రంగులు రెండోది. మొదటి దానిలో వరుసకు 85 అక్షరాలు, 25 వరుసలు. ఆఫీసు పనికి ఇది చక్కగా సరిపోతుంది. ఒక్కో అక్షరానికి దక్కేది 6 చుక్కల వెడల్పు, 10 చుక్కల ఎత్తు గడి. అక్షరాల రూపాన్ని మార్చుకునే వీలు ఉన్నా, కింద వత్తు, పైన గుడి పెట్టుకునే తెలుగు అక్షరానికి ఆ గడి చాలదు. తెలుగు చూపించాలనుకుంటే అక్షరాన్ని బొమ్మగా గీసుకోవడమే దారి.

కీబోర్డు గురించి నిజం చెప్పాలి. చూడటానికి రిక్ డికిన్సన్ డిజైన్ ఇప్పటికీ అందంగా ఉంటుంది. నొక్కడానికి మాత్రం బీబీసీ మైక్రో దగ్గరికి కూడా రాదు. స్పెక్ట్రమ్ రబ్బరు కంటే మేలు, అంతే. బ్యాక్‌స్పేస్ కీ లేదు, కంట్రోల్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే అక్షరం చెరుగుతుంది. బాణాలు స్పేస్ బార్‌కు ఒక పక్క రెండు, మరో పక్క రెండు. చేతికి అలవాటు కావడానికి టైం పడుతుంది. పవర్ స్విచ్ కూడా లేదు, కుడి పక్క రీసెట్ మీట మాత్రం ఉంది.

మైక్రోడ్రైవులు

ఈ యంత్రం పతనానికి ఒక్క కారణం చెప్పమంటే ఇదే. ఫ్లాపీ డ్రైవ్ ఖరీదు అనుకుని, స్పెక్ట్రమ్ కోసం తయారుచేసిన టేపు డ్రైవును రెండు చొప్పున ఇందులో బిగించారు. బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీలో సుమారు 5 మీటర్ల టేపు, వెడల్పు 2 మిల్లీమీటర్లలోపే, రెండు కొసలూ అతికించిన చుట్ట. సెకనుకు 76 సెంటీమీటర్ల వేగంతో తిరుగుతూ ఏడెనిమిది సెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. మీకు కావాల్సిన సెక్టార్ ఇప్పుడే దాటిపోతే మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. పట్టేది సుమారు 100 కిలోబైట్లు. పైగా స్పెక్ట్రమ్ కార్ట్రిడ్జ్‌ను క్యూఎల్ చదవదు, క్యూఎల్‌ది స్పెక్ట్రమ్ చదవదు, డబ్బీ ఒకటే అయినా రాసే పద్ధతి వేరు.

వాడాలనే ఉంటే పద్ధతి ఇది. యంత్రానికి కరెంటు ఇచ్చేటప్పుడు గానీ, తీసేటప్పుడు గానీ డ్రైవుల్లో కార్ట్రిడ్జ్ ఉండకూడదు. ఆ క్షణంలో హెడ్‌కు అందే విద్యుత్ కుదుపుకు టేపు మీద రాత చెడిపోతుంది. కరెంటు ఇచ్చాక తెర మీద రంగు మచ్చలు వస్తాయి, అది ర్యామ్ పరీక్ష. తరవాత ఎఫ్1 నొక్కితే మానిటర్, ఎఫ్2 నొక్కితే టీవీ అని అడుగుతుంది. కార్ట్రిడ్జ్ పెట్టాల్సింది అప్పుడు. ఎడమ డ్రైవు ఎండీవీ1, కుడిది ఎండీవీ2. ఎండీవీ1లో ‘బూట్’ అనే ఫైలు ఉంటే, ఎఫ్1 లేదా ఎఫ్2 నొక్కగానే అదే నడుస్తుంది.

కొత్త కార్ట్రిడ్జ్‌ను ‘ఫార్మాట్’ కమాండ్‌తో ఒకసారి కాదు, నాలుగైదుసార్లు ఫార్మాట్ చేయాలి. టేపు సాగి, చుట్ట సర్దుకునే కొద్దీ మంచి సెక్టార్ల సంఖ్య పెరుగుతుంది. ప్రతిసారీ చివర రెండు అంకెలు చూపిస్తుంది, మంచివి ఎన్ని, మొత్తం ఎన్ని అని. మంచివి 200 దాటి, రెండు అంకెల మధ్య తేడా కొద్దిగా ఉంటే వాడుకోవచ్చు. 180 దగ్గరే ఆగిపోతే, లేదా ఫార్మాట్ చేసిన ప్రతిసారీ అంకె కిందకు దిగుతుంటే దాన్ని పక్కన పెట్టండి. ఫార్మాట్ చేసే ముందు క్యూఎల్ ‘నిజంగానా?’ అని అడగదు. ఎండీవీ1కి బదులు ఎండీవీ2 అని రాస్తే అందులో ఉన్నదంతా పోయినట్టే.

ఇంకో ఉచ్చు ఉంది. ఫైలు ‘సేవ్’ చేయగానే కర్సర్ వెంటనే తిరిగొస్తుంది, పని అయిపోయినట్టు కనిపిస్తుంది. కాలేదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను క్యూడాస్ తాత్కాలిక నిల్వగా వాడుకుని, టేపు మీద రాత తీరుబడిగా వెనక నడిపిస్తుంది. డ్రైవు ఎర్ర దీపం ఆరేదాకా కార్ట్రిడ్జ్ ముట్టుకోకూడదు. దీపం వెలుగుతుండగా లాగేస్తే ఆ ఒక్క ఫైలే కాదు, ఫైళ్ల పట్టికే చెడిపోవచ్చు. తరవాత కనిపించేది ‘బ్యాడ్ ఆర్ ఛేంజ్డ్ మీడియం’ అనే సందేశం. అదే పేరుతో పాత ఫైలు ఉంటే సేవ్ కూడా కాదు, ముందు ‘డిలీట్’ చేసి అప్పుడు సేవ్ చేయాలి.

నలభై ఏళ్ల తరవాత వచ్చే జబ్బులు వేరు. కార్ట్రిడ్జ్ లోపల టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న మెత్త ఉంటుంది. దాని జిగురు ఎండి మెత్త ఊడిపోతుంది, లేదా పొడిపొడిగా రాలుతుంది. టేపు హెడ్‌కు ఆనదు, ఏమీ చదవదు. సయాన్ ప్రోగ్రాముల అసలు కార్ట్రిడ్జ్‌లను పెట్టి చూసే ముందు తప్పకుండా ఈ మెత్త చూడండి. ఊడిన మెత్త టేపుకు చుట్టుకుంటే ఆ కార్ట్రిడ్జ్ ఇక దక్కదు. మార్చడం కష్టమేం కాదు: పాత మెత్త కొలతకు పలుచని ఫెల్ట్ ముక్క కోసి, వెనక కొద్దిగా మాత్రమే జిగురు రాసి, చిమటాతో పట్టుకుని పాత చోటే అతికించాలి. జిగురు టేపుకు తగలకూడదు. మెత్త మందం ఎక్కువైతే టేపు బిగుసుకుని మోటారు నెమ్మదిస్తుంది, తక్కువైతే చదవదు.

డ్రైవు వైపు చూసుకోవాల్సింది మోటారు మీది రబ్బరు రోలర్. అది మెత్తబడి బంకలా తయారైతే టేపుకు అంటుకుంటుంది. వేలితో నెమ్మదిగా తాకి చూడండి, జిగటగా ఉంటే రోలర్ మార్చేదాకా ఏ కార్ట్రిడ్జ్ పెట్టకండి. హెడ్‌ను దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. ఇన్ని చేశాక కూడా ఒక డ్రైవు రాసింది రెండోది చదవకపోతే అది హెడ్ అమరికలో తేడా. చాలా యంత్రాల్లో కొత్తగా ఉన్నప్పుడే ఈ తేడా ఉండేది.

మా సలహా సూటిగా: డ్రైవులను అందం కోసం ఉంచుకోండి, పని కోసం ఎస్‌డీ కార్డు పెట్టుకోండి. వెనక రోమ్ సాకెట్‌లో గుచ్చే క్యూఎల్-ఎస్‌డీ బోర్డు ఉంది. అందులో ‘విన్1’ అనే పేరుతో కార్డు హార్డ్ డిస్క్‌లా కనిపిస్తుంది. మైక్రోడ్రైవులనే అనుకరించే వీడ్రైవ్ అనే పరికరం కూడా ఉంది. పాత ప్రోగ్రాముల్లో ‘ఎండీవీ1’ అని నేరుగా రాసేసి ఉంటే ఈ రెండోది మేలు.

పెట్టె విప్పాక

మూత తీసేటప్పుడే ఎక్కువమంది కీబోర్డు పాడుచేసుకుంటారు. అడుగున స్క్రూలు విప్పాక పై మూతను ఒక్కసారిగా ఎత్తకండి. కీబోర్డు పై మూతకే ఉంటుంది, దాని నుంచి పలుచని రెండు ప్లాస్టిక్ రిబ్బన్లు కింది బోర్డులోని సాకెట్లకు వెళ్తాయి, పవర్ దీపం వైరు కూడా ఉంటుంది. మూతను కొద్దిగా ఎత్తి, ఒక వైపుకు ఆనించి, రిబ్బన్ల మొదట్లో పట్టుకుని నిట్టనిలువుగా పైకి లాగాలి. వంచినా, మడిచినా మడత దగ్గర విరుగుతాయి, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ ఇప్పటికి ఎండి పెళుసెక్కింది. ఒక వరుస కీలన్నీ కలిసి పనిచేయకపోతే నూటికి తొంభై పాళ్లు రిబ్బన్ విరిగినట్టే. కొత్త పొరలు తయారు చేసి అమ్ముతున్నారు, యంత్రంతో పాటే ఒకటి తెప్పించుకోవడం మంచిది. ఏ కీకీ స్పందన లేకపోతే మాత్రం పొరతో పాటు 8049 చిప్పును కూడా అనుమానించాలి. కీబోర్డు, శబ్దం, సీరియల్ పోర్టులోకి వచ్చే సమాచారం, మూడూ చూసేది ఆ చిన్న ప్రాసెసరే.

ఆ ఒక్క చిప్పుకు ఇన్ని పనులు అప్పగించడం వల్లే సీరియల్ పోర్టు అపకీర్తి పాలైంది. పంపడం సజావుగానే జరుగుతుంది. సెకనుకు 9600 బిట్ల వేగంతో లోపలికి తీసుకునేటప్పుడు మాత్రం అక్షరాలు జారిపోతాయి. 8049 తీసి దాని చోట హెర్మిస్ అనే చిప్పు పెడితే ఈ బాధ తీరుతుంది. హెర్మిస్ దొరకకపోతే వేగం తగ్గించి వాడండి. బ్రిటన్ నమూనాల్లో ఈ పోర్టుల సాకెట్లు టెలిఫోన్ ప్లగ్గులాంటివి, తగిన ప్లగ్గు వెతుక్కోవడమే పెద్ద పని. ఎగుమతి నమూనాల్లో మామూలు 9 పిన్నుల సాకెట్లు కనిపిస్తాయి, అవే దొరికితే అదృష్టం.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇది: కరెంటు ఉండగా మానిటర్ కేబుల్ తీయకండి, పెట్టకండి. తెర సంకేతాలు జెడ్‌ఎక్స్8301 కాళ్ల నుంచి మధ్యలో బఫర్ లేకుండా బయటికి వస్తాయి. చిన్న స్టాటిక్ కుదుపుకే ఆ చిప్పు పోతుంది. అది ఎప్పుడో తయారీ ఆగిపోయినది, చవకగా దొరకదు. మైక్రోడ్రైవులు, నెట్‌వర్క్, గడియారం చూసే జెడ్‌ఎక్స్8302 కూడా అంతే సున్నితం. బోర్డు ముట్టుకునే ముందు చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోండి.

కరెంటు ఇవ్వగానే వచ్చే రంగు మచ్చలు కదలకుండా అలాగే నిలిచిపోతే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. 4164 రకం చిప్పులు పదహారు ఉంటాయి, ఈ కాలంలో దొరికేవే. టంకం జోలికి వెళ్లేముందు సాకెట్లలో ఉన్న రోమ్‌లను ఒకసారి తీసి మళ్లీ నొక్కండి. కాళ్లకు పట్టిన మకిలి వల్లే సగం యంత్రాలు ‘చనిపోయినట్టు’ కనిపిస్తాయి.

ఇక వేడి. అడాప్టర్ నుంచి 9 వోల్టుల డీసీ, 15.6 వోల్టుల ఏసీ రెండూ వస్తాయి. ఏసీ నుంచి సీరియల్ పోర్టులకు కావాల్సిన ప్లస్, మైనస్ 12 వోల్టులు తయారవుతాయి. డీసీని 7805 రెగ్యులేటర్ 5 వోల్టులకు దించుతుంది, మిగిలిన 4 వోల్టులూ వేడిగా మారతాయి. ఇంగ్లండు చలిలోనే మూత వెచ్చగా అయ్యేది, మన ఎండాకాలంలో ఎయిర్ కండిషనర్ లేని గదిలో గంటల తరబడి నడిపితే పక్కనున్న చిప్పుల ఆయుష్షు తగ్గడం ఖాయం. 7805 తీసి, అదే మూడు కాళ్ల అమరికలో దొరికే స్విచింగ్ రెగ్యులేటర్ వేయండి. దీనికయ్యే ఖర్చు స్వల్పం, ఈ యంత్రానికి చేయగల మరమ్మతుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

బ్రిటన్ నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది: అక్కడి కరెంటూ మనదీ ఒకే వోల్టేజీ, ఒకే 50 హెర్ట్జ్. ప్లగ్గు మార్చుకుంటే చాలు. టీవీ సంకేతం కూడా పాల్ పద్ధతిదే. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం బ్రిటన్ అడాప్టర్‌ను అక్కడి 120 వోల్టుల మీద నేరుగా పెట్టకూడదు, వోల్టేజీ సగమే వచ్చి యంత్రం సరిగా లేవదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

తెరకు టీవీ సాకెట్ వద్దు, బొమ్మ మసకగా ఉంటుంది. 8 పిన్నుల డిన్ సాకెట్ నుంచి ఆర్‌జీబీ తీసుకోండి. పిన్నుల లెక్క: 1 పాల్ వీడియో, 2 గ్రౌండ్, 3 నలుపు తెలుపు వీడియో, 4 కాంపోజిట్ సింక్, 5 వర్టికల్ సింక్, 6 ఆకుపచ్చ, 7 ఎరుపు, 8 నీలం. ఇవి 5 వోల్టుల టీటీఎల్ సంకేతాలు. స్కార్ట్ (యూరప్ టీవీల్లో ఉండే సాకెట్) ఉన్న కన్వర్టర్‌కు కలపాలంటే ఒక్కో రంగు వైరులో 330 నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే రంగులు మరీ మండిపోయినట్టు ఉంటాయి, కన్వర్టర్‌కూ మంచిది కాదు. ఇంకో చిక్కు ఉంది. 512 చుక్కలు గీయడానికి క్యూఎల్ తీసుకునేది 51.2 మైక్రోసెకన్లు, అంటే పాల్ గీతలో కనిపించే భాగమంతా దాదాపు నిండిపోతుంది. మామూలు టీవీలూ, చవక కన్వర్టర్లూ రెండు అంచుల్లో కొన్ని అక్షరాలు కోసేస్తాయి. ఎఫ్2 నొక్కితే విండోలు లోపలికి జరిగేది అందుకే. రాస్ప్‌బెరీ పై జీరో మీద నడిచే ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ బోర్డు టీటీఎల్ సంకేతాన్ని నేరుగా తీసుకుంటుంది, అంచులు కూడా పోవు.

కొనాల్సిన కారణం

టోనీ టెబీ రాసిన క్యూడాస్ 1984లోనే ఇంట్లో వాడే యంత్రానికి అసలు సిసలు మల్టీటాస్కింగ్ ఇచ్చింది. ప్రోగ్రాం తాను ఆగి పక్కవాడికి చోటివ్వాల్సిన పని లేదు, ఎవరికెంత సమయమో సిస్టమే ప్రాధాన్యాన్ని బట్టి పంచుతుంది. ‘ఎగ్జెక్’ అని మొదలుపెడితే ప్రోగ్రాం దాని దారిన అది నడుస్తుంది, సూపర్‌బేసిక్ మీ చేతిలోనే ఉంటుంది. ‘ఎగ్జెక్_డబ్ల్యూ’ అంటే అది ముగిసేదాకా సూపర్‌బేసిక్ ఆగుతుంది. కంట్రోల్, సి కలిపి నొక్కుతుంటే కర్సర్ ఒక జాబ్ (నడుస్తున్న ప్రోగ్రాం) నుంచి ఇంకో జాబ్‌కు దూకుతుంది. ప్రింటరైనా, ఫైలైనా, తెర మీద విండో అయినా, రెండు జాబుల మధ్య పైపు అయినా, ప్రోగ్రాముకు అన్నీ ఒకే రకం ఛానెళ్లు. తెరకు రాసిన ప్రోగ్రాం ఒక్క పేరు మారిస్తే సీరియల్ పోర్టుకు రాస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది: ఒక విండో మరోదాని మీద పడితే కింద ఉన్నది చెరిగిపోతుంది, మళ్లీ గీసుకోవడం ఆ ప్రోగ్రాం బాధ్యత. పాయింటర్ ఎన్విరాన్‌మెంట్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ వచ్చాకే ఇది బాగుపడింది.

జాన్ జోన్స్ అనే ఆమె రాసిన సూపర్‌బేసిక్ కూడా అదే స్థాయిది. పారామీటర్లు తీసుకునే ప్రొసీజర్లు, స్థానిక వేరియబుల్స్, పేరు పెట్టిన లూప్‌లు, ‘సెలెక్ట్’ నిర్మాణం, అన్నీ ఉన్నాయి. మీరు రాసిన ప్రొసీజర్ పేరు కొత్త కమాండ్‌లాగే పనిచేస్తుంది. గోటూ ఒక్కటీ లేకుండా పెద్ద ప్రోగ్రాం రాయొచ్చు. కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటి: ప్లస్ గుర్తు స్ట్రింగులను అతికించదు. కోట్స్‌లో ఉన్న 2కూ, కోట్స్‌లో ఉన్న 3కూ మధ్య ప్లస్ పెడితే జవాబు 5, 23 కాదు. అతికించడానికి వేరే గుర్తు ఉంది, యాంపర్‌సండ్. ప్రోగ్రాం పొడవు పెరిగే కొద్దీ వేగం తగ్గడం మాత్రం నిజంగా ఇబ్బందే. అసలు రోమ్ తీసి, దాని బదులు వాడే మినర్వా అనే రోమ్ వేస్తే దీనిలో చాలా భాగం పోతుంది, పాత రోమ్‌ల తప్పులూ పోతాయి. మీ దగ్గర ఏ రోమ్ ఉందో ‘ప్రింట్ వెర్ డాలర్’ చెబుతుంది. జేఎం, జేఎస్ అని వస్తే ఫరవాలేదు. ఎఫ్‌బీ, పీఎం, ఏహెచ్ అని వస్తే అది తొలినాళ్ల యంత్రం, సేకరించేవాళ్లకు ముద్దు, పనికి మాత్రం వద్దు.

సయాన్ వారి క్విల్ (వర్డ్ ప్రాసెసర్), అబాకస్ (స్ప్రెడ్‌షీట్), ఆర్కైవ్ (డేటాబేస్), ఈజిల్ (గ్రాఫులు) నాలుగింటిలో క్విల్, ఆర్కైవ్ ఇప్పటికీ వాడి చూడదగ్గవి. ఆర్కైవ్‌లో సొంత భాష ఉంది, చిన్న లెక్కల పుస్తకం మొత్తం అందులోనే రాసుకోవచ్చు. తొలి వెర్షన్లు టేపు మీద మరీ నత్తనడక, రెండో వెర్షన్ కోసం వెతకండి.

వేగం కావాలంటే గోల్డ్ కార్డ్ అనే విస్తరణ కార్డు: 16 మెగాహెర్ట్జ్ 68000, 2 మెగాబైట్ల ర్యామ్, ఫ్లాపీ డ్రైవ్ కంట్రోలర్. సూపర్ గోల్డ్ కార్డ్‌లో 68020, 4 మెగాబైట్లు. పాతవి అరుదు, ఈ మధ్య తయారైన నకళ్లు దొరుకుతున్నాయి. కార్డు వేశాక క్యూఎల్ పూర్తిగా వేరే యంత్రం. తర్వాత లైనక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ కుర్రతనంలో కొన్నది క్యూఎల్‌నే. ఎడిటర్, అసెంబ్లర్ లాంటి పనిముట్లు తనే రాసుకున్నారు. పనిముట్లు సరిగ్గా దొరకని యంత్రమే అయినా, లోపల చూసి నేర్చుకోదగ్గ సిస్టమ్ ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

డబ్బు పెట్టే ముందు ఎమ్యులేటర్‌లో వాడి చూడండి. అసలు యంత్రం ఎలా ఉంటుందో తెలియాలంటే క్యూ-ఎమ్యులేటర్, పెద్ద ప్రోగ్రాములు రాయాలంటే క్యూడాస్‌కు వారసుడైన ఎస్‌ఎంఎస్‌క్యూ/ఈ సిస్టమ్‌తో నడిచే క్యూపీసీ2. ఇక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న జిప్ ఫైలును విండోస్‌లో విప్పి, లోపలి ప్రోగ్రామును కార్డు మీదకు తీసుకెళ్తే ‘ఎగ్జెక్’ చేయగానే ‘బ్యాడ్ పారామీటర్’ అంటుంది. ప్రోగ్రాం పాడవలేదు. ఇది నడిపే ఫైలా కాదా, దానికి ఎంత మెమరీ కావాలి అన్న సమాచారాన్ని క్యూడాస్ ఫైలు హెడర్‌లో దాస్తుంది, విండోస్‌లో విప్పగానే అది ఊడిపోతుంది. జిప్‌ను విప్పకుండా అలాగే తీసుకెళ్లి, క్యూఎల్ మీదో, ఎమ్యులేటర్ లోపలో క్యూడాస్ కోసం చేసిన అన్‌జిప్ ప్రోగ్రాంతో విప్పాలి.